బిందువు గీత మీద ఉందా లేదా: గ్రాఫ్ ఒకటి చెబుతోంది, లెక్క ఇంకోటి చెబుతోంది

వేళచేరి అమ్మ | మంగళవారం, రాత్రి 9:05

అందరికీ నమస్కారం. మా పాప పదో తరగతి, సీబీఎస్‌ఈ. మొన్న క్లాసులో పెట్టిన చిన్న టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది. 7ఎక్స్ − 5వై = 3 అనే సరళరేఖ మీద (4, 5), (2, 2), (−1, −2), (0, 3) బిందువుల్లో ఏవేవి ఉన్నాయో సరిచూడండి. నాలుగు మార్కులు.

పాప ఎక్స్‌కి 4, 9 ఇచ్చి వై విలువలు 5, 12 తెచ్చుకుంది. ఆ రెండు చుక్కలూ గ్రాఫ్ పేపర్ మీద పెట్టి స్కేలుతో గీత లాగింది. ఒక సెంటీమీటరుకి 2 యూనిట్లు తీసుకుంది. గీత (2, 2) మీదుగానూ పోయింది, (−1, −2) మీదుగానూ పోయింది. మూడు బిందువులు ఉన్నాయి, (0, 3) ఒక్కటే లేదు అని రాసేసింది. టీచరు ఒక్క మార్కు వేసి పక్కన "సబ్‌స్టిట్యూట్ చెయ్యి" (అంటే ఎక్స్, వైల చోట అంకెలు వేసి చూడు) అని రాశారు.

ఇంటికొచ్చి అలాగే చేస్తే (4, 5) ఒక్కటే కుదిరింది. (−1, −2)కి −17 వస్తోందట. అంటే గ్రాఫ్‌లో మూడు, లెక్కలో ఒకటి. ఏది నమ్మాలో తెలీక మొహం మాడ్చుకుని కూర్చుంది. నాది బీకామ్, వాళ్ల నాన్న సెకండ్ షిఫ్టులో ఉన్నారు. ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.


ఓఎమ్మార్ ఐటీవాడు | 9:11

రెండూ తప్పే అక్కా. ఉన్నవి రెండు బిందువులు: (4, 5), (−1, −2).

28 − 25 = 3, ఉంది.
14 − 10 = 4, లేదు.
−7 + 10 = 3, ఉంది.
0 − 15 = −15, లేదు.

పాప (−5) × (−2) దగ్గర −10 వేసుకున్నట్టుంది. అక్కడ +10 రావాలి. అంతే.


కొళత్తూర్ అత్త | 9:14

మా వాడికీ ఇదే టెస్టు. వాడు నాలుగూ ఉన్నాయని రాశాడు. మీ పాప నయం.


పెరంబూర్ మాస్టారు | 9:42

అమ్మా, జవాబు ఐటీ అబ్బాయి చెప్పేశాడు. పాపకి అది ఎందుకో తెలియాలి కదా, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఇదే చెప్పిన నోరు, ఊరుకోదు.

సమీకరణం అనేది ఒక షరతు. 7ఎక్స్ − 5వై = 3 అంటే, "నీ మొదటి అంకెని 7తో గుణించు, రెండో అంకెని 5తో గుణించి అందులోంచి తీసెయ్యి, సరిగ్గా 3 మిగలాలి" అని అర్థం. ఆ షరతు నెరవేర్చిన బిందువులన్నీ కలిస్తేనే గీత. నెరవేర్చని బిందువు ఒక్కటి కూడా ఆ గీత మీద ఉండదు, నెరవేర్చినది ఒక్కటి కూడా బయట ఉండదు. పిల్లలు సాధారణంగా గీత ముందు, సమీకరణం తర్వాత అనుకుంటారు. బోర్డు మీద మేం గీసే వరస అలా ఉంటుంది కాబట్టి వాళ్ల తప్పు కాదు.

ఇక రాసే పద్ధతి. పాపని నోట్సులో ఇలాగే రాయమనండి (ఎల్‌హెచ్‌ఎస్ అంటే సమీకరణంలో ఎడమవైపు, ఆర్‌హెచ్‌ఎస్ అంటే కుడివైపు):

(−1, −2) బిందువుకి ఎక్స్ = −1, వై = −2.
ఎల్‌హెచ్‌ఎస్ = 7(−1) − 5(−2)
= −7 + 10
= 3 = ఆర్‌హెచ్‌ఎస్.
కాబట్టి (−1, −2) ఈ రేఖ మీద ఉంది.

బ్రాకెట్లు చూశారా? ఎక్స్ తీసేసి ఆ స్థానంలో అంకె పెట్టేటప్పుడు బ్రాకెట్ పెట్టి తీరాలి. పెట్టకపోతే "7 −1 − 5 −2" అని తయారవుతుంది, అందులో ఏది గుణకారమో ఏది తీసివేతో రాసినవాళ్లకే తెలీదు. పాపకి −17 వచ్చింది అక్కడే. నా దగ్గర చదివిన పిల్లల్లో ఈ లెక్కలో మార్కులు పోగొట్టుకున్నవాళ్లు నూటికి తొంభై మంది ఇక్కడే పోగొట్టుకునేవాళ్లు. మిగతా పదిమంది ఎక్స్, వైలు తారుమారు చేసేవాళ్లు. (4, 5)లో ఎక్స్‌కి 5 వేస్తే 35 − 20 = 15 వస్తుంది, రేఖ మీద లేదని రాసేస్తారు. బ్రాకెట్లో ముందున్నది ఎప్పుడూ ఎక్సే.

ఇంకొకటి. "7(4) − 5(5) = 3" అని మొదటి లైన్లోనే సమానం గుర్తు పెట్టకూడదు. సమానమో కాదో తేల్చడానికే కదా లెక్క చేస్తున్నాం! ఎల్‌హెచ్‌ఎస్ విడిగా కట్టి, చివర్లో ఆర్‌హెచ్‌ఎస్‌తో పోల్చాలి. (2, 2)కి అలా ముందే సమానం రాసేస్తే "4 = 3" అని తేలి, పిల్లలు కంగారుపడి పైకి పోయి ఏదో ఒకటి దిద్దేస్తారు.


నెల్లూరోడు | 9:58

మాస్టారూ, ఏమనుకోకండి గానీ, రెండు సమీకరణాల జత చాప్టర్లో గ్రాఫ్ గీసి సాధన కనుక్కోమని పుస్తకమే చెబుతుంది గదా. అక్కడ పనికొచ్చిన గ్రాఫ్ ఇక్కడ పనికి రాదంటే ఎట్టా? పిల్ల పట్టిక వేసింది, స్కేలు రాసింది, గీత గీసింది. నేనైతే రెండు మార్కులు ఇస్తా.


పెరంబూర్ మాస్టారు | 10:10

పుస్తకం గ్రాఫ్ గీయమన్నాక ఆగదు నాయనా. ఖండన బిందువు చదివిన తర్వాత ఆ విలువల్ని రెండు సమీకరణాల్లోనూ వేసి సరిచూడమంటాం. చూపు దారి చూపిస్తుంది, తీర్పు మాత్రం లెక్కదే. ప్రశ్నలో "సరిచూడండి" అని ఉంది, "గ్రాఫ్ గీయండి" అని లేదు. మార్కు విషయంలో నేనైతే ఒకటిన్నర వేసేవాణ్ణి. ఆ అర మార్కు కోసం స్కూలుకి వెళ్లి గొడవ పెట్టుకోవద్దు.


వేళచేరి అమ్మ | 10:16

ప్లస్, మైనస్ గుర్తు తప్పు పాపకి అర్థమైంది మాస్టారూ, బ్రాకెట్లు పెట్టి మళ్లీ చేసింది. కానీ ఇంకా ఒప్పుకోవడం లేదు. "(2, 2) మీదుగా గీత పోయింది, నువ్వే చూడు" అని పేపర్ నా కళ్ల ముందు పెడుతోంది. నిజంగానే పోయింది. నేనూ చూశాను. హెచ్‌బీ పెన్సిల్, చెక్కి మరీ గీసింది.


లెక్కల పిచ్చి | 10:31

పాప చూసింది నిజమే. ఎందుకో లెక్క కడదాం.

ఎక్స్ = 2 దగ్గర గీత ఎక్కడుంది? 14 − 5వై = 3, అంటే 5వై = 11, వై = 2.2. గీత (2, 2.2) దగ్గర పోతోంది. మన బిందువు (2, 2). తేడా 0.2 యూనిట్లు. సెంటీమీటరుకి 2 యూనిట్ల స్కేలు కదా, కాబట్టి పేపర్ మీద అది ఒకే ఒక్క మిల్లీమీటరు. అది కూడా నిలువుగా కొలిస్తేనే. గీత ఏటవాలుగా ఉంది కాబట్టి, లంబంగా కొలిస్తే ఇంకా తక్కువ. లంబదూరం సూత్రం ప్రకారం 1ని (3 రావాల్సిన చోట 4 వచ్చింది, ఆ తేడా) √74తో (7, 5ల వర్గాల మొత్తానికి వర్గమూలం) భాగించాలి, సుమారు 0.116 యూనిట్లు. పేపర్ మీద 0.6 మి.మీ. కూడా లేదు.

పెన్సిల్ గీత మందం దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. చుక్క అంతకంటే పెద్దది. ఇక (2, 2) గీత కింద దాక్కోకుండా ఎలా ఉంటుంది? ఎంత బాగా చెక్కినా అంతే. అదే సెంటీమీటరుకి ఒక యూనిట్ తీసుకుని ఉంటే చుక్క కొంచెం బయటికి కనిపించేది. సెంటీమీటరుకి 10 యూనిట్లు తీసుకుని ఉంటే ఆ పక్కన ఉన్నవన్నీ గీత మీదే ఉన్నట్టు కనిపించేవి.

కావాలంటే ఇప్పుడే చిన్న పరీక్ష చెయ్యమనండి. ఎక్స్ 1 నుంచి 3 దాకా మాత్రమే తీసుకుని, ఒక్కో యూనిట్‌కి 5 సెం.మీ. ఇచ్చి గీయమనండి. (2, 2) గీతకి ఒక సెంటీమీటరు కింద కనిపిస్తుంది.


వేళచేరి అమ్మ | 10:58

గీసింది. సరిగ్గా సెంటీమీటరు. మొహం వెలిగింది. ఇక పడుకోబెడతాను, రేపు చూస్తాను. అందరికీ థాంక్స్.


కాంక్రీట్ కబుర్లు | బుధవారం, ఉదయం 7:20

నేను సైట్ ఇంజినీర్ని, తాంబరం దాటాక ఒక అపార్ట్‌మెంట్ పని. రాత్రి చర్చంతా ఇప్పుడు టీ తాగుతూ చదివాను. మీ లెక్కల లోకంలో "ఉంది, లేదు" అని రెండే జవాబులు. మా దగ్గర ఏ కాలమ్మూ (స్తంభం) ఏ గీత మీదా సరిగ్గా ఉండదు. ఎంత దూరంలో ఉందన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ. గ్రిడ్ లైన్, అంటే కాలమ్‌లు వరసగా నిలబడాల్సిన గీత, (0, 0) నుంచి (30, 40) దాకా, మీటర్లలో. సమీకరణం 4ఎక్స్ − 3వై = 0. మధ్య కాలమ్ సెంటర్‌కి టోటల్ స్టేషన్ (కోణాలూ దూరాలూ కొలిచే సర్వే యంత్రం) పెట్టి చూస్తే (15.000, 20.010) వచ్చింది. సమీకరణంలో వేస్తే 60 − 60.03 = −0.03. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు చూసి "సార్, 30 మిల్లీమీటర్లు పోయింది" అని టెన్షన్ పడిపోయాడు. కాదు. 0.03ని 5తో భాగించాలి (4, 3ల వర్గాల మొత్తానికి వర్గమూలం 5). 0.006 మీటర్లు, అంటే 6 మి.మీ. మా డ్రాయింగ్‌లో 10 దాకా ఒప్పుకుంటారు. పాస్.

సమీకరణంలో వేశాక మిగిలేది దూరం కాదన్న సంగతి కాలేజీలో ఎవరూ గట్టిగా చెప్పరు. అదే గీతని 400ఎక్స్ − 300వై = 0 అని రాసుకోండి, మిగిలేది −3 అవుతుంది. కాలమ్ మాత్రం ఉన్నచోటే ఉంది, జరగలేదు. కాబట్టి "చాలా తక్కువ మిగిలింది, దగ్గరే అయ్యుంటుంది" అనే మాట సమీకరణం ఎలా రాశామో చూసుకోకుండా అనకూడదు.

మైనస్ కూడా ఊరికే రాదు. ప్లస్ వస్తే గీతకి ఒక పక్క, మైనస్ వస్తే ఇంకో పక్క. కాలమ్ ఎటు జరిగిందో నాకు దాంతోనే తెలుస్తుంది.


లెక్కల పిచ్చి | 7:45

సైట్ సార్ పాయింటు పాప లెక్కకీ పనికొస్తుంది. 7ఎక్స్ − 5వై − 3లో (2, 2) వేస్తే +1, (0, 3) వేస్తే −18. రెండూ గీతకి చెరో పక్కన ఉన్నాయి. కాబట్టి ఆ రెండింటినీ కలిపి గీత గీస్తే అది మన గీతని మధ్యలో ఎక్కడో కోసి తీరుతుంది. గ్రాఫ్ గీయకుండానే చెప్పొచ్చు.


ట్యూషన్ సెంటర్ 2 | 8:02

[ఈ పోస్టు తొలగించాం. ప్రకటనలు ఇక్కడ వద్దు. – నిర్వాహకులు]


ఓఎమ్మార్ ఐటీవాడు | 8:30

క్యాబ్‌లో ఉన్నా, షోలింగనల్లూర్ సిగ్నల్ దగ్గర. టైమ్ ఉంది.

మా దగ్గర రెండు రకాల బాధలూ ఉన్నాయి. కంప్యూటర్ ఓటీపీ లాంటిది, ఒక్క అంకె తేడా వచ్చినా లోపలికి రానివ్వదు. సరే, అది మంచిదే. కానీ అంకెల్ని అదే సరిగ్గా దాచుకోదు! వై = 0.1ఎక్స్ + 0.2 అనే గీత తీసుకోండి. (1, 0.3) దాని మీద ఉందా? మూడో తరగతి పిల్లాడు కూడా ఉందంటాడు. ప్రోగ్రాములు రాసే భాష పైథాన్‌లో అడిగితే లేదంటుంది. 0.1, 0.2 కలిపితే దానికి 0.30000000000000004 వస్తుంది. 0.1ని రెండు ఆధారంగా ఉన్న సంఖ్యామానంలో రాయబోతే అంకెలు అంతు లేకుండా పోతూనే ఉంటాయి, ఎక్కడో ఒకచోట కోసెయ్యాలి. ఆ కోసిన ముక్కే ఇక్కడ తేలింది. పైథాన్ ఒక్కటే కాదు, కంప్యూటర్లు దశాంశాలు దాచుకునే ఐఈఈఈ 754 ప్రమాణంలో 64 బిట్ల రకం వాడేవన్నీ ఇలాగే చేస్తాయి.

అందుకని ఇంటర్వ్యూల్లో బిందువులు ఒకే గీత మీద ఉన్నాయా అని అడిగితే నేను చూసేది ఒకటే: అవతలివాడు వాలుల్ని భాగించి పోలుస్తున్నాడా, అడ్డంగా గుణిస్తున్నాడా. భాగిస్తే నిలువు గీత దగ్గర సున్నాతో భాగించాల్సి వస్తుంది, దశాంశాల బాధ అదనం. (వై2 − వై1) × (ఎక్స్3 − ఎక్స్1), (వై3 − వై1) × (ఎక్స్2 − ఎక్స్1) సమానమా అని చూస్తే రెండు బాధలూ ఉండవు. నిరూపకాలు పూర్ణాంకాలైతే జవాబు కచ్చితం.


నెల్లూరోడు | 8:41

కచ్చితం అని అంత తేలిగ్గా అనబాక తమ్ముడూ. జావా భాషలో పూర్ణాంకాలు దాచే మామూలు ఇంట్ రకం వాడి, నిరూపకాలు లక్షల్లో ఇస్తే? లక్షని లక్షతో గుణిస్తే వెయ్యి కోట్లు. ఇంట్ పట్టేది 214 కోట్ల చిల్లర. పొంగిపోయి చెత్త అంకె వస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ వాడాల.


ఓఎమ్మార్ ఐటీవాడు | 8:44

అన్న చెప్పింది కరెక్ట్. లాంగ్ వాడండి.


స్టేట్ బోర్డు కుర్రాడు | మధ్యాహ్నం 1:15

నమస్తే సార్. నేను తమిళనాడు స్టేట్ బోర్డు, పదో తరగతి. మాకు సమీకరణం ఇవ్వకుండా మూడు బిందువులు ఇచ్చి సరేఖీయాలని (ఒకే గీత మీద ఉన్నాయని) చూపించమంటారు. మేము త్రిభుజ వైశాల్యం సూత్రంతో చేస్తాం, సున్నా రావాలి. మా అపార్ట్‌మెంట్లో సీబీఎస్‌ఈ ఫ్రెండు ఆ సూత్రం తమకి లేదంటున్నాడు. నిజమా? వాడు దూరాలు కట్టి కూడుతున్నాడు. ఎవరిది కరెక్ట్?


పెరంబూర్ మాస్టారు | 2:30

ఇద్దరిదీ కరెక్టే బాబూ. సిలబస్ తగ్గించినప్పుడు సీబీఎస్‌ఈ పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి వైశాల్యం సూత్రం తీసేశారు, మీ స్టేట్ పుస్తకంలో ఉంది. పై లెక్కలోని బిందువులతోనే చూపిస్తాను, పాపకీ పనికొస్తుంది. (−1, −2), (4, 5), (9, 12).

నీ పద్ధతి: −1(5 − 12) + 4(12 + 2) + 9(−2 − 5) = 7 + 56 − 63 = 0. వైశాల్యం సున్నా, త్రిభుజం లేదు, మూడూ ఒకే గీత మీద ఉన్నాయి.

మీ ఫ్రెండ్ పద్ధతి: మొదటి దూరం √74, రెండోది √74, చివరి రెండు కొసల మధ్య √296, అంటే 2√74. కూడితే సరిపోయింది. ఇందులో చిక్కేమిటంటే వర్గమూలాలు ఎప్పుడూ ఇంత బుద్ధిగా రావు. √74ని 8.6 అని రాసేసి కూడితే, గీతకి కొంచెం పక్కనున్న బిందువు కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. కరణి రూపంలోనే, అంటే √ గుర్తుతోనే ఉంచాలి.

మధ్యలో (4, 5) బదులు (2, 2) పెట్టి చూడు. నీ సూత్రంలో 10 + 28 − 36 = 2, సగం చేస్తే వైశాల్యం 1. సున్నా కాదు, ఒప్పుకోదు. వాలుతో చూస్తే ఒకటి 7/5, రెండోది 4/3. దశాంశాల్లో 1.4, 1.33. చూపుకి దగ్గరే, సమానం కాదు. భిన్నాల్ని భిన్నాలుగానే పోల్చు.

నా మటుకు వాలు పద్ధతే చిన్నది, తప్పులు తక్కువ. పరీక్షలో "వైశాల్యం ఉపయోగించి" అని స్పష్టంగా అడిగితే మాత్రం అదే రాయాలి.


పరంగిమలై వాసి | సాయంత్రం 6:50

సైట్ ఇంజినీరు గారి పోస్టు చూశాక ఒకటి చెప్పాలనిపించింది. టాపిక్‌కి కాస్త పక్కకే అయినా, మన ఊరి సంగతి.

చెన్నైలో మా పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే ఆయన ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. తర్వాత త్రిభుజాలు కట్టుకుంటూ హిమాలయాల దాకా దేశాన్ని కొలిచిన గ్రేట్ ట్రిగనోమెట్రికల్ సర్వేకి అదే మొదటి ఆధార రేఖ, అంటే మిగతా దూరాలు లెక్కకట్టడానికి ముందుగా నేల మీద కొలిచిన గీత. కొలిచింది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. ఎండకి ఉక్కు సాగుతుందని పక్కన థర్మామీటర్లు పెట్టుకుని, ఆ సాగినంత మేర లెక్కలో సవరించుకున్నారు. ఏప్రిల్, మే నెలల్లో మద్రాసు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఏడున్నర మైళ్లంటే దాదాపు నాలుగు వందల గొలుసులు. ప్రతిసారీ గొలుసు కొస గీత మీదే పడాలి. పక్కకి పడితే? నేను ఊరికే లెక్క వేసి చూశాను. వంద అడుగులు ముందుకి పోవాల్సిన గొలుసు ఒక అడుగు పక్కకి కూడా జరగాలంటే 100.005 అడుగులు ఉండాలి. తేడా అర అంగుళం కూడా కాదు. కానీ ప్రతిసారీ అటూ ఇటూ అడుగు చొప్పున వంకర పోతే, నాలుగు వందలసార్లకి రెండు అడుగులు ఎక్కువ వస్తుంది. పైగా వంకర ఎటు పోయినా పొడవు పెరగడమే తప్ప తగ్గదు, కాబట్టి తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అందుకే అంత పట్టుదలగా టెలిస్కోపు పెట్టి వరస చూసుకుంటూ పోయారు.


కాంక్రీట్ కబుర్లు | 7:15

బాగుంది సార్. మా మేస్త్రీలు ఇప్పటికీ నూలు దారం కట్టి కంటితోనే చూస్తారు. దారం గాలికి ఊగితే ఆగుతారు, నన్ను మాత్రం ఆగనివ్వరు.


కొళత్తూర్ అత్త | 7:22

మీరంతా ఎక్కడికో పోయారు. మా వాడికి మళ్లీ టెస్టు శుక్రవారం. అందులో ఏం వస్తుందో ఎవరైనా చెబితే బాగుండు.


వేళచేరి అమ్మ | 8:40

పాప పక్కనే కూర్చుని అడిగిస్తోంది. రెండు ప్రశ్నలు. ఒకటి, రేఖ సమీకరణం "ఎక్స్ = 4" అని మాత్రమే ఇచ్చి (4, −9) దాని మీద ఉందా అంటే, వైకి చోటే లేదు కదా, −9ని ఎక్కడ వెయ్యాలి? రెండోది, (−1, −2), (4, 5) కలిపే రేఖాఖండం అన్నప్పుడు కూడా ఇలాగే వేసి చూస్తే సరిపోతుందా?


లెక్కల పిచ్చి | 9:03

మొదటిది. ఎక్కడా వెయ్యక్కర్లేదు. షరతు ఎక్స్ మీద మాత్రమే పెట్టారు, వై ఏదైనా వాళ్లకి ఇబ్బంది లేదు. కావాలంటే 1ఎక్స్ + 0వై = 4 అని రాసుకోమనండి: 1(4) + 0(−9) = 4. ఉంది. (4, 0), (4, 100), (4, −9) అన్నీ ఉంటాయి, (5, −9) ఉండదు. ఇది నిలువు గీత. దీనికి వాలు చెప్పలేం, వై = ఎంఎక్స్ + సి రూపంలో రాయలేం. ఆ రూపమే బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. వై = 4 అయితే అడ్డగీత, అప్పుడు ఎక్స్ ఏదైనా ఫర్వాలేదు.

రెండోది మంచి ప్రశ్న. సరిపోదు. (9, 12) వేసి చూడండి: 63 − 60 = 3. గీత మీద ఉంది. కానీ రేఖాఖండం (4, 5) దగ్గరే ఆగిపోయింది, (9, 12) అవతల ఉంది. సమీకరణానికి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలీదు, అది రెండు వైపులా పోతూనే ఉంటుంది. రేఖాఖండం అంటే ఇంకో షరతు చేర్చాలి: ఎక్స్ విలువ −1కి 4కి మధ్య ఉండాలి. నిలువు గీత అయితే ఎక్స్ బదులు వైని చూడాలి.


ఓఎమ్మార్ ఐటీవాడు | 9:10

దీన్నే కోడ్‌లో మర్చిపోతారు. మ్యాప్ యాప్‌లో బండి ఈ రోడ్డు మీద ఉందా అని చూడబోయి, రోడ్డు అయిపోయాక కూడా ఉందనే చూపించిన కోడ్‌ని నేను రివ్యూ చేశాను.


పెరంబూర్ మాస్టారు | 9:25

శుక్రవారం టెస్టులో ఏం వస్తుందో నాకు తెలీదు గానీ, ఇలా తిప్పి అడగడం మాకు అలవాటు. పిల్లలిద్దరూ చెయ్యండి: (ఎ, 2ఎ) బిందువు 7ఎక్స్ − 5వై = 3 రేఖ మీద ఉంటే ఎ విలువ ఎంత?


వేళచేరి అమ్మ | 9:37

పాప రాసింది: 7(ఎ) − 5(2ఎ) = 3. 7ఎ − 10ఎ = 3. −3ఎ = 3. ఎ = −1. బిందువు (−1, −2). "ఇది పాత బిందువే కదా" అంటోంది.


పెరంబూర్ మాస్టారు | 9:40

పాతదే. చూస్తుందా లేదా అని అదే ఇచ్చాను. ఇక్కడ సమానం గుర్తు మొదటి లైన్లోనే పెట్టొచ్చు, ఎందుకంటే రేఖ మీద ఉందని ప్రశ్నలోనే చెప్పేశారు. రాత్రి నేను పెట్టొద్దన్నది ఉందో లేదో తేల్చే లెక్కలకి మాత్రమే. ఈ తేడా పాపకి చెప్పండి.


స్టేట్ బోర్డు కుర్రాడు | 9:44

నాకూ −1 వచ్చింది సార్.


లెక్కల పిచ్చి | 9:52

పిల్లలకి నాదొకటి. ముందు ఒక చూపు చూడండి. (−1, −2), (4, 5), (9, 12): ఎక్స్ ఐదు చొప్పున, వై ఏడు చొప్పున పెరుగుతున్నాయి. 7ఎక్స్ − 5వై = 3 మీద పూర్ణాంకాలతో ఉన్న బిందువులన్నీ ఈ వరసలోనే వస్తాయి, మధ్యలో ఇంకోటి లేదు. వెనక్కి పోతే (−6, −9). ఒక్కటి దొరికితే మిగతావన్నీ కూడికే. ఆ మొదటి ఒక్కటీ పట్టుకోవడానికి ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలోనే కుట్టకం అనే పద్ధతి ఉంది. అంకెలు పెద్దవైనప్పుడు దాని సుఖం తెలుస్తుంది.

ఇప్పుడు ప్రశ్న. 6ఎక్స్ − 4వై = 3 రేఖ మీద (3, 4), (−5, 8), (12, 17), (101, −36) ఈ నాలుగింట్లో ఏవి ఉన్నాయి? అంకెలు వేసి గుణించకూడదు. చూసి చెప్పాలి.


స్టేట్ బోర్డు కుర్రాడు | 10:05

గుణించకుండా ఎలా సార్? కాలిక్యులేటర్ వాడొచ్చా?


వేళచేరి అమ్మ | 10:12

పాప అంటోంది: 6తో ఏ పూర్ణాంకాన్ని గుణించినా సరి సంఖ్య, 4తో గుణించినా సరి సంఖ్య. సరిలోంచి సరి తీస్తే సరే వస్తుంది. 3 బేసి. కాబట్టి నాలుగూ లేవు, పూర్ణాంకాల బిందువు ఏది ఇచ్చినా ఉండదు.


లెక్కల పిచ్చి | 10:13

అదే!


నెల్లూరోడు | 10:20

పూర్ణాంకాలు అనింది కాబట్టి సరిపోయింది. లేకపోతే (1/2, 0) ఉంది గదా. 6 × 1/2 = 3.